మన కాలేజీ ఎన్‌ఎఫ్‌ఎల్ ప్లేయర్లు వర్సెస్ ఇప్పటి కాలేజీ టీమ్: ఈ ఊహా మ్యాచ్‌ని పేపర్ మీద ఆడించడం ఎలా

జనవరిలో కాలేజీ ఫుట్‌బాల్ అయిపోతే మళ్ళీ ఆగస్టు ఆఖరు దాకా మ్యాచ్‌లు ఉండవు కదా, ఆ ఖాళీలో ఫ్యాన్స్ గ్రూపుల్లో ఏదో ఒక రోజు ఈ ప్రశ్న కచ్చితంగా వస్తుంది, మన కాలేజీ నుంచి ఎన్‌ఎఫ్‌ఎల్‌కి వెళ్ళినవాళ్ళంతా ఒక టీమ్‌గా వచ్చి ఇప్పటి టీమ్‌తో ఆడితే ఎవరు గెలుస్తారు అని. (ఫుట్‌బాల్ అంటే ఇక్కడ అమెరికన్ ఫుట్‌బాల్, గుండ్రటి బంతిది కాదు, ఎన్‌ఎఫ్‌ఎల్ అంటే అక్కడి ప్రొఫెషనల్ లీగ్, అందులో ఆడేవాళ్ళే ప్రోలు.) ఎవరో ఒకరు "ప్రో ప్లేయర్లే గెలుస్తారు, ఇందులో డిస్కషన్ ఏముంది" అంటారు, టాపిక్ రెండు నిమిషాల్లో చచ్చిపోతుంది. నాకు అది చాలా బాధగా ఉంటుంది ఎందుకంటే ఈ ప్రశ్నలో బోలెడంత ఫుట్‌బాల్ దాగుంది, సరిగ్గా కూర్చుని వేస్తే రిజల్ట్ చాలా కాలేజీలకి మీరు అనుకున్నట్టు రాదు. ఎలా వెయ్యాలో నాకు తెలిసింది మొత్తం రాస్తున్నా, ఒక కాగితం, పెన్సిల్, ఒక పాచిక ఉంటే చాలు.

ముందు ఎవరు పూర్వ విద్యార్థో తేల్చుకోండి, ఇది తేల్చకుండా మొదలుపెడితే మధ్యలో గొడవ అవుతుంది. రెండు రకాలుగా ఆడించొచ్చు. ఒకటి, కాలేజీ చరిత్ర మొత్తంలోంచి బెస్ట్ వాళ్ళని తేవడం. రెండోది, ఈ రోజు ఎన్‌ఎఫ్‌ఎల్ రోస్టర్లలో (టీముల ప్లేయర్ల లిస్టుల్లో) ఉన్నవాళ్ళని మాత్రమే తేవడం. మొదటిది వినడానికి బాగుంటుంది గానీ దాంట్లో పోలిక నిలబడదు. 1965 ముందు దాకా కాలేజీ ఫుట్‌బాల్‌లో చాలా ఏళ్ళు ఇష్టమొచ్చినట్టు సబ్‌స్టిట్యూషన్ చేసే వీలు ఉండేది కాదు, ఒకే మనిషి ఆఫెన్స్‌లోనూ (బంతి మన దగ్గరున్నప్పుడు) డిఫెన్స్‌లోనూ (ఎదుటివాళ్ళని ఆపేటప్పుడు) ఆడాల్సి వచ్చేది, వాళ్ళ ట్రైనింగ్ వేరు, ఒళ్ళు వేరు. 1985లో షికాగో బేర్స్‌లో విలియం పెర్రీ సైజు చూసి జనం ఆయన్ని రిఫ్రిజిరేటర్ అని పిలిచేవాళ్ళు, ఇప్పుడేమో పెద్ద కాలేజీల ఆఫెన్సివ్ లైన్‌లో (ముందు నిలబడి బంతి ఉన్నవాణ్ణి కాపాడే ఐదుగురిలో) 300 పౌండ్లు లేనివాడే వింత. 1955లో ఆ లైన్‌లో ఆడిన గార్డ్‌ని తెచ్చి ఇప్పటి డిఫెన్సివ్ టాకిల్ (ఎదుటి లైన్ మధ్యలో ఉండే భారీ మనిషి) ముందు నిలబెడితే అది ఆ పెద్దాయన మీద గౌరవం కాదు. అందుకే నా సలహా రెండోదే, ఈ రోజు రోస్టర్‌లో ఉన్నవాళ్ళు, ఈ రోజు వాళ్ళు ఉన్న వయసులో, ఈ రోజు వాళ్ళకున్న గాయాలతో సహా.

ఇంకో చిక్కు ట్రాన్స్‌ఫర్లు. జో బరో ఒహాయో స్టేట్‌లో మొదలుపెట్టి ఎల్‌ఎస్‌యూకి (లూసియానా స్టేట్ యూనివర్సిటీకి) వెళ్ళి అక్కడ హైస్మన్ (కాలేజీ ఫుట్‌బాల్ బెస్ట్ ప్లేయర్ అవార్డు) కొట్టాడు, జేలెన్ హర్ట్స్ అలబామాలో ఆడి ఆఖరి ఏడాది ఓక్లహోమాలో ఆడాడు, బేకర్ మేఫీల్డ్ టెక్సస్ టెక్ నుంచి ఓక్లహోమాకి వచ్చాడు. 2021 నుంచి మొదటి ట్రాన్స్‌ఫర్‌కి ఏడాది కూర్చోవాల్సిన పని లేదు, 2024 నుంచి ఎన్నిసార్లు మారినా వెంటనే ఆడొచ్చు, కాబట్టి ఈ సమస్య ఏటేటా పెరుగుతుందే గానీ తగ్గదు. నేను పెట్టుకున్న రూల్ ఏంటంటే ఏ కాలేజీ నుంచి డ్రాఫ్ట్ అయ్యాడో (ఎన్‌ఎఫ్‌ఎల్ టీమ్ వరసలో ఎంచుకుందో) ఆ కాలేజీ వాడే. దీంతో అలబామా ఫ్యాన్స్‌కి హర్ట్స్ విషయంలో మనసు ఒప్పుకోదు, నాకు అర్థమవుతుంది, కావాలంటే ఎక్కువ మ్యాచ్‌లు ఎక్కడ ఆడితే అక్కడ అని పెట్టుకోండి, కానీ పేర్లు చూడకముందే రాసి పెట్టుకోండి. పేర్లు చూశాక రూల్ పెడితే మనకి తెలియకుండానే మన టీమ్ వైపు లాగేస్తాం.

ఇప్పుడు అసలు పని, డెప్త్ చార్ట్, అంటే ఏ పొజిషన్‌లో ఎవరు ఆడతారో రాసుకునే పట్టిక. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు, ఫేమస్ పేర్లు ఒక పది రాసి ఆపేస్తారు. అలా కాదు, ముందు ఖాళీ గళ్ళు గీయండి: లెఫ్ట్ టాకిల్, లెఫ్ట్ గార్డ్, సెంటర్, రైట్ గార్డ్, రైట్ టాకిల్, క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరేవాడు), రన్నింగ్ బ్యాక్ (బంతితో పరిగెత్తేవాడు), టైట్ ఎండ్ (అడ్డుకుంటూ క్యాచ్ కూడా పట్టేవాడు), ముగ్గురు రిసీవర్లు (విసిరిన బంతి పట్టేవాళ్ళు). డిఫెన్స్‌లో నలుగురు లైన్‌మెన్, ఇద్దరో ముగ్గురో లైన్‌బ్యాకర్లు (లైన్ వెనకాల నిలబడేవాళ్ళు), మిగతా కార్నర్లు (రిసీవర్లని కాసేవాళ్ళు), సేఫ్టీలు (అందరికన్నా వెనక ఉండేవాళ్ళు). తర్వాత కికర్, పంటర్ (బంతిని దూరంగా తన్ని ఎదుటివాళ్ళకి ఇచ్చేసేవాడు, ఆ తన్నే పంట్), లాంగ్ స్నాపర్ (వాళ్ళకి బంతిని వెనక్కి విసిరేవాడు). మొత్తం 25 గళ్ళు. ఎన్‌ఎఫ్‌ఎల్ టీముల సైట్లలో రోస్టర్ పేజీ తెరిస్తే ప్రతి ప్లేయర్ పక్కన కాలేజీ పేరు ఉంటుంది, 32 టీములు తిరగేస్తే ఒక సాయంత్రం పడుతుంది, నిజం చెప్పాలంటే ఆ సాయంత్రమే ఈ మొత్తం పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం, ఎప్పుడో మర్చిపోయిన కుర్రాడు ఏదో టీమ్‌లో మూడో సేఫ్టీగా ఇంకా ఉన్నాడని తెలిసినప్పుడు వచ్చే సంతోషం వేరు.

గళ్ళు నింపడం మొదలుపెట్టగానే మీకు కనిపించేది ఖాళీలు. ఎన్‌ఎఫ్‌ఎల్ టీమ్ రోస్టర్ 53 మంది, మ్యాచ్ రోజు అందులో 48 మంది వరకు ఆడటానికి రెడీగా ఉంటారు. కాలేజీ టీముల్లో 2025 నుంచి పెట్టిన లిమిట్ 105. కొన్ని పెద్ద ప్రోగ్రాములని పక్కన పెడితే ఏ కాలేజీకీ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో యాభై మంది దొరకరు, చాలా కాలేజీలకి పది పదిహేను మందే ఉంటారు. వాళ్ళు కూడా సమానంగా పంచినట్టు ఉండరు. ఎల్‌ఎస్‌యూ చూడండి, జస్టిన్ జెఫర్సన్, జామార్ చేజ్, మలీక్ నేబర్స్, బ్రయన్ థామస్ జూనియర్, నలుగురూ డ్రాఫ్ట్ ఫస్ట్ రౌండ్‌లోనే వెళ్ళిన రిసీవర్లు, బంతి విసరడానికి బరో, జేడెన్ డేనియల్స్. చూస్తే కళ్ళు చెదురుతాయి, కానీ మైదానంలో బంతి ఒక్కటే, ఆ నలుగురు రూట్ (తాము పరిగెత్తాల్సిన దారి) పూర్తి చేసేదాకా క్వార్టర్‌బ్యాక్‌ని నిలబెట్టాల్సింది లైన్. విల్ క్యాంప్‌బెల్ 2025 డ్రాఫ్ట్‌లో నాలుగో పిక్‌గా వెళ్ళాడు, లెఫ్ట్ టాకిల్ గడి నిండింది, సరే, మిగతా నాలుగు గళ్ళలో ఎవరున్నారు అన్నది మీరు అడగాల్సిన ప్రశ్న. మీ కాలేజీ ఏదైనా సరే ఈ ప్రశ్న దగ్గరే ఎక్కువసేపు ఆగండి.

ఖాళీలు ఎలా నింపాలి అంటే ఒక వరస పెట్టుకోండి. ముందు ప్రాక్టీస్ స్క్వాడ్‌లో (ఆ 53 మంది బయట ఉండి టీమ్‌తో ప్రాక్టీస్ చేసేవాళ్ళలో) ఉన్నవాళ్ళు, వాళ్ళు ప్రతి టీమ్‌కీ ఓ పదహారు మంది దాకా ఉంటారు, ఫ్యాన్స్ వాళ్ళని మర్చిపోతారు. తర్వాత గత రెండేళ్ళలో రిటైర్ అయినవాళ్ళో టీమ్ లేకుండా ఉన్నవాళ్ళో. అప్పటికీ నిండకపోతే ఒక పొజిషన్ వాణ్ణి ఇంకో పొజిషన్‌లో ఆడించాలి, ఇక్కడ నిజాయితీగా ఉండాలి. టాకిల్ లోపలికి జరిగి గార్డ్ ఆడగలడు, గార్డ్‌ని బయటికి తీసి టాకిల్‌గా పెడితే మాత్రం ఎడ్జ్ రషర్ (లైన్ చివర నుంచి క్వార్టర్‌బ్యాక్ మీదకి దూసుకొచ్చేవాడు) ముందు కష్టపడతాడు, చేతులు పొట్టిగా ఉంటాయి, పక్కకి జరిగే వేగం చాలదు. కార్నర్ సేఫ్టీ ఆడగలడు, సేఫ్టీ కార్నర్ ఆడటం అంత సులువు కాదు. రిసీవర్‌ని కార్నర్‌లో పెడదాం అంటే అది కొలరాడోలో 2024 హైస్మన్ కొట్టిన ట్రావిస్ హంటర్ లాంటివాడికి కుదిరింది, అందుకే ఆయన గురించి అంత మాట్లాడుకున్నారు, మామూలువాళ్ళకి కుదరదు. లాంగ్ స్నాపర్ గడి ఖాళీగా వదిలేయకండి దయచేసి. పంట్ కోసం పదిహేను గజాల వెనక్కి కాళ్ళ మధ్యలోంచి బంతిని గురి చూసి విసరాలి, ఆ పని రానివాడు చేస్తే ఒక్క చెడ్డ స్నాప్‌తో ఏడు పాయింట్లు పోతాయి. కికర్ కూడా అంతే.

రూల్స్ ఎవరివి అన్నది తర్వాతి నిర్ణయం. కాలేజీ స్టేడియంలో, కాలేజీ రూల్స్‌తో ఆడించండి, ఇంటికి వచ్చిన పెద్దవాళ్ళు ఆ ఇంటి పద్ధతిలో కూర్చున్నట్టు. ఇది చిన్న విషయం అనుకోకండి, తేడాలు బోలెడు. కాలేజీలో మోకాలు నేలకి తగిలితే ఎవరూ ముట్టుకోకపోయినా ప్లే అయిపోయినట్టే, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ముట్టుకుంటేనే అయినట్టు. కాబట్టి జారిపడి లేచి పరిగెత్తే అలవాటున్న ప్రో రన్నింగ్ బ్యాక్‌కి ఒకటి రెండు సార్లు షాక్ తగులుతుంది. క్యాచ్‌కి కాలేజీలో ఒక పాదం లోపల పడితే చాలు, అక్కడ రెండు పడాలి, ఇది పాతవాళ్ళకే లాభం ఎందుకంటే రెండు పాదాలు ఈడ్చడం నేర్చుకున్నవాడికి ఒకటి పెట్టడం చిటికెలో పని. హాష్ మార్కుల (ప్లే మొదలయ్యే చోటుకి హద్దుగా మైదానంలో గీసిన రెండు వరసల గీతల) మధ్య దూరం కాలేజీలో 40 అడుగులు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 18 అడుగుల 6 అంగుళాలు, అంటే కాలేజీలో బంతి ఒక హాష్ మీద ఉంటే ఇంకో పక్క మైదానం చాలా ఖాళీగా ఉంటుంది, ఆ వెడల్పు వైపు సేఫ్టీ ఎక్కడ నిలబడాలి అన్న లెక్క ఎన్‌ఎఫ్‌ఎల్‌లో నాలుగైదేళ్ళు ఆడినవాడికి కళ్ళలోంచి పోయి ఉంటుంది.

వీటన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకోటి. పాస్ ప్లేలో లైన్‌మెన్ ముందుకి ఎంత దూరం వెళ్ళొచ్చు అంటే కాలేజీలో 3 గజాలు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 1 గజమే. ఈ రెండు గజాల మీదే కాలేజీ ఆర్‌పీఓ (రన్ పాస్ ఆప్షన్, పరిగెత్తాలా విసరాలా అన్నది అప్పటికప్పుడు తేల్చుకునే ప్లే) ఆట మొత్తం నడుస్తుంది, లైన్ అంతా రన్ బ్లాక్ చేస్తున్నట్టు ముందుకి దూకుతుంది, లైన్‌బ్యాకర్ రన్ అనుకుని అడుగు వేస్తాడు, అతని వెనకాల ఖాళీలోకి బంతి వెళ్ళిపోతుంది. ప్రో లైన్‌బ్యాకర్ ఎంత గొప్పవాడైనా లైన్‌మన్ రెండు గజాలు దాటి వచ్చాడంటే ఇది రన్నే అని ఏళ్ళ తరబడి కళ్ళకి అలవాటు అయ్యుంటుంది, మొదటి క్వార్టర్‌లో కుర్రాళ్ళకి ఒకటి రెండు డ్రైవ్‌లు (బంతి చేతిలో ఉండి వరసగా ఆడే ప్లేలు) ఇలాగే దొరుకుతాయి. సెకండ్ హాఫ్‌కి సర్దుకుంటారు, వాళ్ళూ ఒకప్పుడు కాలేజీలో ఆడినవాళ్ళే కదా.

ప్రాక్టీస్ ఎన్ని రోజులు ఇవ్వాలి? నా దృష్టిలో మ్యాచ్ ఫలితాన్ని మార్చేది ఇదే. దీనికి చరిత్రలో మంచి ఉదాహరణ ఉంది. 1934 నుంచి 1976 దాకా షికాగోలో కాలేజ్ ఆల్‌స్టార్ గేమ్ అని జరిగేది, అప్పుడే కాలేజీ నుంచి బయటికొచ్చిన బెస్ట్ ప్లేయర్లంతా ఒక టీమ్, ఎన్‌ఎఫ్‌ఎల్ ఛాంపియన్లు ఇంకో టీమ్. మొదటి మ్యాచ్ బేర్స్‌తో 0-0 డ్రా. 1974లో ప్లేయర్ల స్ట్రైక్ వల్ల జరగలేదు. మొత్తం 42 మ్యాచ్‌లలో ప్రోలు 31 గెలిచారు, ఆల్‌స్టార్లు 9, డ్రాలు 2. కుర్రాళ్ళ ఆఖరి గెలుపు 1963లో, విన్స్ లొంబార్డి కోచ్‌గా ఉన్న గ్రీన్ బే ప్యాకర్స్ మీద 20-17. 1976లో స్టీలర్స్ 24-0తో ముందుండగా పెద్ద గాలివాన వచ్చి మ్యాచ్ మధ్యలో ఆగిపోయింది, మళ్ళీ ఆ పోటీ పెట్టలేదు.

ఈ లెక్క చూపించి "చూశారా ప్రోలదే గెలుపు" అనేవాళ్ళు ఉంటారు, కానీ కొంచెం ఆగి చూడండి, ఆ మ్యాచ్‌లో కలిసి ఆడే అలవాటు ఉన్నది ప్రోలకి, ముక్కలు ముక్కలుగా వచ్చింది కుర్రాళ్ళు. మన ఊహా మ్యాచ్‌లో అది తిరగబడింది. ఇక్కడ కలిసి ఏడాదంతా ఆడింది కుర్రాళ్ళు, 32 టీముల నుంచి 32 రకాల భాషలు మాట్లాడుతూ వచ్చింది పెద్దవాళ్ళు. భాష అని ఎందుకంటున్నా అంటే ఒకే ప్రొటెక్షన్‌కి (క్వార్టర్‌బ్యాక్‌ని లైన్ కాపాడే పద్ధతికి) ఒక టీమ్‌లో ఒక పేరు, ఇంకో టీమ్‌లో ఇంకో పేరు. డిఫెన్సివ్ లైన్‌లో ఇద్దరు దారులు మార్చుకుంటూ వస్తే గార్డ్, టాకిల్ ఒకరినొకరు చూడకుండానే మనుషుల్ని మార్చుకోవాలి, అది మాటతో జరిగేది కాదు, పక్కవాడి భుజం ఎప్పుడు కదులుతుందో వందల సార్లు చూసి వచ్చేది. రిసీవర్‌కి ఈ అవసరం తక్కువ, కార్నర్‌కీ తక్కువ, పాస్ రషర్‌కి అసలు లేదనే చెప్పొచ్చు. అందుకే పూర్వ విద్యార్థుల డిఫెన్స్ మొదటి రోజు నుంచే భయంకరంగా ఉంటుంది, ఆఫెన్స్‌కి టైమ్ పడుతుంది.

నేను పది రోజులు ఇస్తాను. పది రోజుల్లో ఓ ముప్పై నలభై ప్లేలు బాగా వస్తాయి, అంతకు మించి రావు. ఇక్కడ ఒక మంచి మెలిక ఉంది, ఇప్పటి హెడ్ కోచ్ కింద ఆడినవాళ్ళు మీ లిస్ట్‌లో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి. కోచ్ పదేళ్ళుగా మారకపోతే సగం మందికి పైగా ఒకే ప్లేబుక్ తెలిసినవాళ్ళు, వాళ్ళకి పది రోజులు నెల రోజులతో సమానం, పైగా ఎదుటి టీమ్ వేసేది కూడా అదే ప్లేబుక్. మూడేళ్ళకి ముగ్గురు కోచ్‌లు మారిన కాలేజీ అయితే ఆ లాభం ఏమీ లేదు. ఇటు పక్క కుర్రాళ్ళకి కూడా హద్దు ఉంది, సీజన్‌లో ఎన్‌సీఏఏ (కాలేజీ ఆటల సంఘం) రూల్ ప్రకారం వారానికి 20 గంటలకి మించి టీమ్ పని పెట్టకూడదు, క్లాసులు ఉంటాయి, అది మర్చిపోయి వాళ్ళని కూడా ప్రోల్లా రోజంతా ఫిల్మ్ చూసేవాళ్ళుగా ఊహించుకోకండి.

ఇక ఆడించడం. ఒక్కో టీమ్‌కి 12 డ్రైవ్‌లు వేసుకోండి, ప్రతి డ్రైవ్‌కి పాచిక ఒకసారి వెయ్యండి. 25 గళ్ళూ సరైనవాళ్ళతో నిండిన పూర్వ విద్యార్థుల టీమ్‌కి 4, 5, 6 పడితే టచ్‌డౌన్ (తర్వాతి కిక్‌తో కలిపి 7 పాయింట్లు), 3 పడితే ఫీల్డ్ గోల్ (3 పాయింట్లు), 1, 2 పడితే బంతి ఇచ్చేసినట్టు. కుర్రాళ్ళకి 6 పడితేనే టచ్‌డౌన్, 5 పడితే ఫీల్డ్ గోల్, మిగతావన్నీ పంట్. సగటున చూస్తే 48-20 లాగా వస్తుంది, అంటే "ప్రోలే గెలుస్తారు" అన్నాయన చెప్పిందే. ఇప్పుడు ఖాళీల లెక్క దించండి. ఆఫెన్సివ్ లైన్‌లో ప్రతి రెండు ఖాళీలకి (ఖాళీ అంటే వేరే పొజిషన్ వాడు నిలబడిన గడి కూడా) పెద్దవాళ్ళ టచ్‌డౌన్ అంకెల్లో ఒకటి తీసేయండి, ఫీల్డ్ గోల్ అంకె ఒకటి పైకి జరుగుతుంది. రెండు ఖాళీలుంటే సగటు 34కి పడుతుంది. నాలుగు ఖాళీలుంటే 20, కుర్రాళ్ళతో సమానం! నలుగురు స్టార్ రిసీవర్లు ఉన్నా సరే. క్వార్టర్‌బ్యాక్ గడిలో ప్రో లేకపోతే ఇంకో అంకె తీసేయండి, కానీ ఒక్క టచ్‌డౌన్ అంకె ఎప్పుడూ మిగల్చండి. డిఫెన్స్‌లో మూడు కన్నా ఎక్కువ ఖాళీలుంటే కుర్రాళ్ళకి టచ్‌డౌన్ కోసం ఒక అంకె ఎక్కువ ఇవ్వండి. ఈ అంకెలు నేను కొన్నేళ్ళుగా వేసి వేసి సర్దుకున్నవి, మీ కంటికి తప్పనిపిస్తే మార్చుకోండి, లైన్ బరువు మాత్రం తగ్గించకండి.

అలసట కూడా కలపాలి. పెద్దవాళ్ళు మొత్తం 35 మంది కన్నా తక్కువ ఉంటే కిక్ఆఫ్ టీమ్‌లోనూ పంట్ టీమ్‌లోనూ స్టార్టర్లే పరిగెత్తాలి, కాలేజీ టీమ్ ఫాస్ట్ టెంపోలో ఊపిరి తీసుకోనివ్వకుండా ఆడుతుంది, డిఫెన్సివ్ లైన్‌లో మార్చడానికి మనిషి ఉండడు. అందుకని ఎనిమిదో డ్రైవ్ దాటాక కుర్రాళ్ళకి ఒక అంకె ఎక్కువ. ఇక్కడ చాలాసార్లు మ్యాచ్ తిరిగిపోవడం చూశాను, 17-3తో వెనకబడిన కుర్రాళ్ళు నాలుగో క్వార్టర్‌లో వచ్చి పట్టుకుంటారు, 305 పౌండ్ల ముప్పై ఒక్కేళ్ళ డిఫెన్సివ్ టాకిల్ వరసగా పదో ప్లే ఆడుతూ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డ దృశ్యం నాకు కళ్ళకి కట్టినట్టు కనిపిస్తుంది.

టై అయితే కాలేజీ ఓవర్‌టైమే ఆడించండి, 25 గజాల గీత నుంచి ఇద్దరికీ ఒక్కో ఛాన్స్, రెండో ఓవర్‌టైమ్‌లో టచ్‌డౌన్ తర్వాత కిక్ కాకుండా రెండు పాయింట్ల ప్లేకే వెళ్ళాలి, మూడో దాని నుంచి ఒక్కో టూ పాయింట్ ప్లే. నిజానికి ఇది కుర్రాళ్ళకి అనుకూలం, వాళ్ళు ఏడాదంతా ప్రాక్టీస్ చేసే పరిస్థితి ఇది.

ఒక్కసారి వేసి ఆపకండి, అదే చార్ట్‌తో ఐదుసార్లు వెయ్యండి, స్కోర్లు పక్కన రాసుకోండి, అప్పుడే ఏ ఖాళీ మీ కాలేజీని దెబ్బ తీస్తోందో తెలుస్తుంది. కాగితం మీద తేదీ తప్పకుండా వెయ్యండి, ఎందుకంటే ఆగస్టు ఆఖరి వారంలో ఎన్‌ఎఫ్‌ఎల్ టీములన్నీ రోస్టర్‌ని 53కి కోస్తాయి, ఆ ఒక్క రోజులో మీ మూడో గార్డ్ పోవచ్చు, లేదా ఎవరూ ఊహించని కుర్రాడు సెంటర్‌గా నిలబడిపోవచ్చు, ఆ రాత్రే కొత్త కాగితం తీసి మళ్ళీ గళ్ళు గీయాలి.